మంచినీళ్లిస్తం, తలుపియ్యం

సిరిసిల్ల,
ఫిబ్రవరి 10

జగిత్యాల కోర్టులో అమీన్‌గా పనిచేసి రిటైరైన దేవయ్య గారికి,

నమస్కారం. నా పేరు వసంత. ఇక్కడ బడిపిల్లల యూనిఫాంలు కుట్టే షెడ్డులో పనిచేస్తాను. మా కుట్టుపని ఆడవాళ్ల సంఘానికి కార్యదర్శిని. మీరు నన్ను ఎరగరు.

జప్తుకు వచ్చే మీలాంటి అమీన్ల అధికారాలు పెంచుతూ ఒక ముసాయిదా తయారైంది. పేపర్లో చదివే ఉంటారు. ఇప్పటిదాకా వాళ్లు పొద్దు ఉండగానే రావాలి. ఇక పొద్దుగూకినాక కూడా రావచ్చట. తలుపు వేసి ఉంటే మళ్లీ కోర్టును అడిగే పని లేకుండా తాళం పగలగొట్టవచ్చట. ఇంట్లో ఎవరూ లేకున్నా సరేనట. మా వాడలో సగం ఇళ్లలో మగవాళ్లు గల్ఫ్‌లో ఉన్నారు. తలుపు వెనక ఉండేది ఆడవాళ్లూ పిల్లలే. అభ్యంతరాలు చెప్పడానికి మే ఇరవై దాకా గడువిచ్చారు. ఆ రోజు ఇక్కడే బహిరంగ విచారణ. మేము సంతకాలు పోగు చేస్తున్నాం.

వకీళ్లు చెప్పేది మా వాళ్ల తలకెక్కడం లేదు. ముప్పై ఏళ్లు ఇళ్ల ముందు నిలబడ్డ మనిషి చెబితే ఎక్కుతుందని మీకు రాస్తున్నాను. తలుపు వేసి ఉన్న ఇంట్లోకి అమీన్ ఎట్లా పోతాడు? అది మాకు తెలియాలి.

మీ అడ్రసు ఎట్లా దొరికిందని అడగకండి.

ఇట్లు,
వసంత


జగిత్యాల,
ఫిబ్రవరి 22

వసంత గారికి దేవయ్య వ్రాయునది.

మీ ఉత్తరం మూడుసార్లు వెనక్కి పోయి నాలుగోసారి నా చేతికి వచ్చింది. తప్పు పోస్ట్‌మన్ సామేలుది కాదు. రిజిస్టరు పోస్టు అనే మాట వినగానే "దేవయ్య ఇంట్ల లేడు" అని నేనే చెప్పాను. సామేలు నన్ను ఇరవై ఏళ్లుగా ఎరుగును. "ఎప్పుడొస్తడు కాకా?" అన్నాడు. "ఆయన ఇష్టం" అన్నాను. రెండోరోజు ఊరికి పోయానని చెప్పాను. మూడోరోజు ఆ పేరుగల మనిషి ఈ ఇంట్లో ఎన్నడూ లేడన్నాను. ఇవన్నీ ముప్పై ఏళ్లు జనం నాకు చెప్పిన జవాబులే. ఊరికే పోతాయా, ఒకసారి వాడి చూద్దామనిపించింది.

నాలుగోరోజు సామేలు, "కాకా, నువ్వు లేవంటే ఇది నీ తలుపుకు అంటించి పోవాల్నా?" అన్నాడు. నా కత్తి నా మెడకే పెట్టాడు. లోపల చాటతో బియ్యం చెరుగుతున్న మా ఇంటామె దుర్గవ్వ, "అంటించు బిడ్డా, ఆయన ఎందరి తలుపులకు అంటించలే" అంది. సంతకం పెట్టాను.

ఇక ఉత్తరం సంగతి. నేను ఏడో తరగతి దాకా చదివాను. మిగతా చదువంతా ఊరి జనం ఒకరి మీద ఒకరు వేసుకున్న దావాలు చదివి నేర్చుకున్నదే. అందుకే నా తెలుగులో క్షేమసమాచారాలు తక్కువ, 'పైన పేర్కొనబడిన'లు ఎక్కువ. అయితే కాగితాన్ని చూసే కన్ను మాత్రం వచ్చింది. మీ ఉత్తరమంతా నీలం సిరా. "అడ్రసు ఎట్లా దొరికిందని అడగకండి" అన్న ఒక్క వాక్యం నల్ల సిరా. అంటే తర్వాత కలిపారు. కలిపినవారు మీరేనా, మీ వెనక నిలబడ్డ ఇంకెవరైనానా? రిటైరైనవాడి నోట ఏదో ఒకటి పలికించి, రేపు పింఛను కాగితాల్లో ఎర్ర గీత పెట్టించాలనే పెద్దమనుషులు లోకంలో లేకపోలేదు.

అయినా అడిగారు కాబట్టి, అందరికీ తెలిసిన మాట ఒకటి చెబుతాను. అమీన్ పని అంతా గడప దగ్గరే. బయటి తలుపు దాటేదాకా వాడు వట్టి మనిషి. కోర్టు హుకుం సంచిలో ఉన్నా సరే, తలుపు తీయమని అడగాలి, తీయకపోతే పోయి కోర్టుకు చెప్పాలి. ఈలోగా పొద్దుగూకిందా, ఆనాటికి జప్తు లేదు. కానీ ఒక్కసారి సక్రమంగా గడప దాటాడా, లోపలి అర్రల తలుపులు మూసి ఉన్నా పగలగొట్టవచ్చు. బయటి తలుపుకున్న మర్యాద లోపలి తలుపుకు లేదు.

మెట్‌పల్లిలో ఒక పెద్దమనిషి ఉండేవాడు. వాకిలికి తలుపే లేదు, గోనెపట్టా వేలాడుతుంది. నేను పోతే ఆ పట్టాను రెండు చేతులతో పట్టుకొని, "ఇదే నా బయటి తలుపు. పగలగొట్టే హుకుం తెచ్చినవా?" అన్నాడు. పట్టాను పగలగొట్టడం ఎట్లా? చింపాలి. నా హుకుంలో చింపమని లేదు. ఇద్దరం పొద్దుగూకేదాకా తర్కించుకున్నాం. నడుమ వాడు రెండుసార్లు చాయ్ తెప్పించాడు. ఒట్టి చేతులతో తిరిగొచ్చాను. అంత సంతోషంగా ఓడిపోయింది అదొక్కసారే.

జవాబు రాస్తే పోస్టులోనే రాయండి. ఫోన్లో అన్న మాట గాలికి పోదు, ఎవరి జేబులోనో పడుతుంది.

ఇట్లు,
దేవయ్య


సిరిసిల్ల,
మార్చి 4

దేవయ్య గారికి,

నీలం పెన్ను చివర్లో సూపర్‌వైజరు తీసుకుపోయింది. అందుకే నల్ల సిరా. ఇది నిజమే. మీరు నమ్మరని తెలుసు.

గోనెపట్టా కథ మా వాళ్లకు చదివి వినిపించాను. నవ్వారు. ఆ తర్వాత మా రాధమ్మ అడిగింది. "గట్లయితే తలుపేసుకొని సప్పుడు చెయ్యకుంట కూసున్నోళ్ల ఇండ్లకు గీయన ఎట్ల పోయిండే?" అని. నేను అడిగింది కూడా అదే. మీరు పట్టా దగ్గర ఆగిపోయారు.

ఇంకో మాట. మీ అబ్బాయి రాజేందర్ గారు కోరుట్ల కోర్టులో అమీన్ అని తెలిసింది. ఈ ఉత్తరాలు ఆయన చదువుతున్నారా? మేము ఎవరెవరి సంతకాలు తీసుకుంటున్నామో ముందే తెలుసుకోవాలని మీరు జవాబిస్తున్నారేమోనని మాలో కొందరికి అనుమానం. నాకూ ఉంది.

వసంత


జగిత్యాల,
మార్చి 15

బిడ్డా వసంతా,

అనుమానం మంచిదే. దాన్ని నేనేమీ తప్పు పట్టను, పెంచి పోషించినవాణ్ణి. మా వాడు నా ఉత్తరాలు చదవడు. వాడు ఏదీ చదవడు, ఫోన్లో వచ్చింది చూస్తాడు. అయితే వాడి సంగతి మీకెట్లా తెలిసింది? నా కొడుకు పేరు, కొలువు, ఊరు మీకు తెలుసు. మీ గురించి నాకు తెలిసింది పేరొక్కటే. తండ్రి పేరు లేదు, వయసు లేదు, పూర్వ నివాసం లేదు. అట్లాంటి నోటీసు ఎవరికీ చెల్లదు. నేనైతే తీసుకోకుండా వాపసు పంపేవాణ్ణి. మళ్లీ రాసేటప్పుడు ఆ వివరాలు రాయి.

తలుపు సంగతి. ముప్పై ఏళ్లలో నేను ఒక్క తలుపు కూడా పగలగొట్టలేదు. ఒక్క తాళం మీద చేయి వేయలేదు. నా తోటివాళ్లు పోలీసులను అడిగేవాళ్లు, సుత్తులు మోసేవాళ్లు. నాకు ఒక సంచి, ఒక గొడుగు చాలు. మా కోర్టు మునసబు జడ్జి గారు ఒకసారి అందరి ముందే అన్నాడు, "దేవయ్య పోతే తలుపులు వాటంతట అవే తెరుచుకుంటాయి" అని. ఆ మాట ఇంటికొచ్చి దుర్గవ్వకు చెబితే, "దయ్యం పోయినా గట్లనే తెర్సుకుంటయట" అంది.

ఎట్లా తెరుచుకుంటాయంటే, మన మనుషులు మంచివాళ్లు. అంతకంటే చెప్పను. కల్లుగీసేవాడు తాటికి లొట్టి ఎట్లా కట్టాడో చెబుతాడా? వానాకాలంలో నెలకు రెండో మూడో జప్తులయ్యేవి. ఎండాకాలంలో పదికి తగ్గకపోయేవి. ఎండలే మాకు పంటకాలం. ఎందుకో నువ్వే ఆలోచించుకో, తెలివిగలదానివిగా ఉన్నావు.

ముసాయిదాకు నేనూ వ్యతిరేకినే. ఆ మాట మీ వాళ్లకు చెప్పవచ్చు. తాళం పగలగొట్టేవాడికి తెలివి అవసరం లేదు. తెలివి అవసరం లేని చోట కొలువుల విలువ పడిపోతుంది. నా పేరు మాత్రం ఎక్కడా రాయకు.

దేవయ్య


సిరిసిల్ల,
మార్చి 27

దేవయ్య గారికి,

వివరాలు అడిగారు.

వసంత, తండ్రి గంగారాజం, వయస్సు 39, వృత్తి కుట్టుపని, పూర్వ నివాసం కోరుట్ల.

నన్ను బిడ్డా అని రాయకండి. ఇదివరకు ఒకసారి అన్నారు. ఇరవై ఏడేళ్ల కింద, మే నెలలో, మిట్టమధ్యాహ్నం.

మా బాపు దుబాయి పోయే దోస్తు అప్పుకు జమానతు సంతకం పెట్టాడు. దోస్తు పోయాడు, సంతకం మిగిలింది. జప్తు వస్తుందని తెలిసి ఆ రోజు బాపు వకీలు దగ్గరికి పోయాడు. కోర్టు నుంచి ఆపే కాగితం సాయంత్రంలోగా తెస్తానన్నాడు. అవ్వ బీడీల కార్ఖానాకు పోయింది. నాకు పన్నెండేళ్లు. బాపు పోతూ పోతూ, "ఎవరొచ్చినా తలుపు తియ్యకు. మాట్లాడకు. నేనొచ్చేదాక ఇంట్ల ఎవ్వరు లేనట్టే" అన్నాడు. లోపల గొళ్లెం పెట్టుకొని కూర్చున్నాను.

ఎవరో బాపును పేరు పెట్టి పిలిచారు. పలకలేదు. తలుపు కొట్టారు. పలకలేదు. చాలాసేపు చప్పుడు లేదు. పోయారనుకున్నాను. అప్పుడు అరుగు మీద నుంచి ఒక ముసలి గొంతు మెల్లగా వినిపించింది. "బిడ్డా, దూప అయితుంది. జరన్ని మంచినీళ్లియ్యవా."

మీకు అప్పుడు యాభై కూడా ఉండవు. గొంతు మాత్రం ముసలిది చేశారు.

దూపకు నీళ్లడిగితే లేదనవద్దని నన్ను కన్న అవ్వ నేర్పింది. ఇత్తడి చెంబు నిండా నీళ్లు ముంచుకొని తలుపు తీశాను. చెంబు ఇస్తూ, ఎప్పుడూ ఎవరితోనైనా అనే మాటే అన్నాను. "రాండ్రి, కూసోండ్రి" అని. మీరు చెంబు తీసుకొని లోపలికి వచ్చి కూర్చున్నారు. నీళ్లు తాగలేదు. పక్కన పెట్టి సంచిలోంచి కాగితం తీశారు. గోడ చాటు నుంచి ఇంకో ఇద్దరు వచ్చారు. మా అవ్వ కుట్టుమిషను ఎత్తుకుపోయారు. బాపు గంట తర్వాత కాగితంతో వచ్చాడు.

మీ రిపోర్టు నకలు బాపు తీసుకున్నాడు. ఇప్పటికీ ట్రంకు పెట్టెలో ఉంది. అందులో మీరు రాసిన వాక్యం ఇది: "గృహమందున్న ఆడపిల్ల స్వయముగా లోనికి రమ్మని పిలువగా ప్రవేశించితిని." కింద సంతకం మీది.

అడ్రసు అక్కడి నుంచి మొదలుపెట్టి వెతికాను.

వసంత


జగిత్యాల,
ఏప్రిల్ 8

శ్రీమతి వసంత గారికి,

విషయం: మార్చి 27 నాటి మీ ఉత్తరం.

1. పైన పేర్కొనబడిన సంఘటన జరిగి ఇరవై ఏడు సంవత్సరములు దాటినది. అది నా జ్ఞాపకములో లేదు.

2. ఆ కాలమున దేవయ్య అను పేరుగల అమీన్లు ఇద్దరు ఉండిరి. మీరు చెప్పిన నకలును నేను చూడలేదు. కావున అందలి సంతకము నాదని గాని కాదని గాని చెప్పజాలను.

3. నా కుమారుడు సర్కారు కొలువులో ఉన్నాడు. అతని పేరు ఈ వ్యవహారములోనికి తేరాదని కోరుచున్నాను.

4. ఇకపై రిజిస్టరు పోస్టు పంపినచో స్వీకరించబడదు.

దేవయ్య

తా.క. ఆ చెంబు ఇత్తడిది కాదు, స్టీలుది. మూతి దగ్గర చిన్న సొట్ట ఉంది.


సిరిసిల్ల,
ఏప్రిల్ 16

దేవయ్య గారికి,

రిజిస్టరు పోస్టు తీసుకోరని మామూలు కవరులో పంపుతున్నాను.

చెంబు స్టీలుదే. కావాలనే ఇత్తడి అని రాశాను. ముప్పై ఏళ్లు సామాను పట్టీలు రాసిన మనిషి, అందులో తప్పు కనిపిస్తే దిద్దకుండా ఉండలేడని అనుకున్నాను. సొట్ట సంగతి నేను మరిచిపోయాను. చూస్తే ఉంది.

ఇప్పుడు నాకేం కావాలో చెబుతాను. మిషను కాదు.

బాపు బతికే ఉన్నాడు. మూడేళ్ల కింద పక్షవాతం వచ్చి ఎడమ చేయి, కాలు పడిపోయాయి. మాట ఉంది, తెలివి ఉంది. ఈ ఎండాకాలం దాటడం కష్టమని డాక్టరు చెప్పాడు. ఆ రోజు బాపు నన్ను కొట్టలేదు. మీ నకలు పట్టుకొని, "నువ్వే పిలిచినవట గద" అన్నాడు. అంతే. నేను నీళ్ల సంగతి చెప్పాను. కోర్టు కాగితం మీద ఉన్నదే నమ్మాడు. అమీన్ అబద్ధం రాయడని ఆయన నమ్మకం. అప్పటి నుంచి నాతో నేరుగా మాట్లాడడు. ఎవరైనా తలుపు కొడితే, "ఆమె లేవద్దు, ఇంకెవరన్న తియ్యుండ్రి" అంటాడు. ఇప్పటికీ అంటాడు. అవ్వ చనిపోయింది, ఇంట్లో ఉండేది మేమిద్దరమే. ఇంకెవరు తీస్తారు? ఆ మాట అన్నాక ఒక నిమిషం ఆగి నేనే తీస్తాను.

ఇరవై ఏడేళ్లుగా మా ఇంట్లో ఎవరినీ 'రాండ్రి' అనలేదు. చుట్టాలు పొగరు అనుకుంటారు.

మీరు నీళ్లడిగి లోపలికి వచ్చారని కాగితం మీద రాసి ఇవ్వాలి. మే ఇరవైన విచారణలో చదవాలి. ఆ తర్వాత మా బాపు వినేట్టు ఒకసారి చదవాలి. నేను చెబితే ఆయన నమ్మడు. అమీన్ చెబితే నమ్ముతాడు.

మీరు రాకపోతే ఇంకో ఉత్తరం రాయను. మీ పేరు కూడా ఎక్కడా రాయను. మీలాగా ఇతరులు చెప్పాల్సిన వాక్యాన్ని నేను రాయను.

వసంత


కోరుట్ల,
మే 6

............ వసంతకు,

ముందు ఖాళీ వదిలాను. ఏమని పిలవాలో తెలియలేదు. అచ్చు నోటీసుల్లో ఖాళీలు ఉంటాయి కదా, మీరే నింపుకోండి, లేదా కొట్టేయండి.

మీ ఉత్తరం వచ్చి ఇరవై రోజులు కావస్తోంది. జవాబు రాయకూడదనే అనుకున్నాను. మనుమరాలి చెవులు కుట్టిస్తుంటే కోరుట్లలో మా వాడి ఇంటికి వచ్చాను. ఇక్కడ ఒకటి చూశాను. అది రాయడానికే ఈ ఉత్తరం.

మొన్న పొద్దున రాజేందర్ పనికి బయల్దేరుతున్నాడు. ఎండ అప్పటికే చురచురమంటోంది. కోడలు ఫ్రిజ్‌లోంచి చల్లటి నీళ్ల సీసా తెచ్చి ఇచ్చింది. వాడు తీసుకొని బండి డిక్కీలో పెట్టి మూశాడు. ఆ తర్వాత చెత్తబుట్ట పక్కన పడి ఉన్న ఖాళీ సీసా ఒకటి ఏరి చేతిలో పట్టుకున్నాడు.

"అదెందుకురా?" అన్నాను.

వాడు నవ్వాడు. "గిదేంది బాపూ, కొత్తోని లెక్క అడుగుతున్నవ్. ఖాళీ సీస చూస్తేనే గద ఎవలన్న నింపిస్తరు. గీ కాలంల ఉత్తగ దూప అంటే ఎవడు నమ్ముతడు?"

"నిండు సీస డిక్కీల ఉండంగనా?"

"నువ్వే నేర్పినవ్ గద."

నేర్పాను. వాడు కొలువులో చేరిన రోజు, ఏదో విద్య అప్పగిస్తున్నట్టు, పక్కన కూర్చోబెట్టుకొని నేర్పాను. మా తరంలో సీసాలు లేవు, గొంతు మార్చేవాణ్ణి. వాడు తన తెలివి కొంత కలిపాడు. వాడు బండి తీసుకొని పోయాక చాలాసేపు ఆ వాకిట్లోనే ఉన్నాను. ఇవ్వాళ ఏ ఇంటి ముందు ఆగుతాడో, ఎవరి పిల్ల తలుపు తీస్తుందోనని. కోడలు వచ్చి, "మామా, ఎండల ఏం చేస్తుండ్రు" అంది.

నాకు అన్నీ జ్ఞాపకం ఉన్నాయి. దేవయ్య అనే అమీన్ నేనొక్కణ్ణే. ఆ మధ్యాహ్నం నాకు దూప కూడా లేదు. బస్టాండులో దిగి రెండు గ్లాసుల చెరుకురసం తాగి వచ్చాను. ఇంట్లో పిల్ల ఉందని ఎట్లా తెలిసిందంటే, తలుపు కింది సందులోంచి పాదాలు కనబడ్డాయి. పట్టీలు లేవు, మసి అంటిన చిన్న పాదాలు. పిల్లను చూసే 'బిడ్డా' అన్నాను. పెద్దవాళ్లుంటే 'అవ్వా' అనేవాణ్ణి. ఎవరికి ఏ మాట తగిలితే తలుపు తీస్తారో చూసుకొని మరీ పిలిచేవాణ్ణి. మా దుర్గవ్వ అన్న దయ్యం మాట నిజమే.

ఇంకొకటి మీకు తెలియదు. చేతిపని మీద బతికేవాళ్ల పనిముట్టు జప్తు చేయకూడదు. అది నాకు బాగా తెలుసు. మీ అవ్వ ఆ మిషను మీద ఊరివాళ్లకు రవికలు కుడుతుందని, మిషను కింద పడి ఉన్న గుడ్డ ముక్కలే చెప్పాయి. సామాను పట్టీలో 'ఇంటి వాడకపు మిషను' అని రాశాను. మీ వకీలు ఆ ఒక్క మాట మీద అడిగి ఉంటే మిషను వాపసు వచ్చేది. 'పిలువగా' అన్న మాటను చూసి మీ బాపు, 'వాడకపు' అన్న మాటను చూడక మీ వకీలు, ఇద్దరూ నా రాతనే నమ్మారు. మంచి చేతిరాత వల్ల జరిగే నష్టాలు ఇన్ని.

రాజేందర్‌కు సాయంత్రం చెప్పాను, సిరిసిల్ల పోయి సంతకం పెడతానని. వాడు అన్నం ముద్ద చేతిలో పట్టుకొని, "నీ పింఛను నీకుంది. మరి నా నౌకరి?" అన్నాడు. కాగితంలో నీ పేరుండదు, నా పేరు, నా కొలువు ఏళ్లే ఉంటాయి అన్నాను. "నాకు తెల్వదా బాపూ, నువ్వు నీ గురించి రాస్తే నా గురించి రాసినట్టు కాదా?" అన్నాడు. రెండు రోజులుగా మాట్లాడుకోవడం లేదు. మీ ఇంటి సంగతి నాకు కొంచెం అర్థమవుతోంది.

కాగితం పోస్టులో పంపను. స్వయంగా చేతికి ఇవ్వడమే నాకు వచ్చిన పని. ఇరవయ్యో తారీఖు వస్తాను. రాకపోతే ఈ ఉత్తరాన్ని నమ్మకండి. వచ్చినా, నీళ్లడిగితే మాత్రం తలుపు తీయకండి.

దేవయ్య


సిరిసిల్ల,
మే 23

దేవయ్య గారికి,

విచారణ సంగతి మీకు తెలుసు, మీరూ ఉన్నారు. అయినా వెనక వరుసలో కూర్చున్న మీకు తెలియనివి చెబుతాను. స్టేజీ వెనక బ్యానరు మేము కుట్టిందే. "మంచినీళ్లిస్తం, తలుపియ్యం" అన్న మాట మీ ఉత్తరాలు చదివి రాధమ్మ కట్టింది. మీరు వస్తారని మాలో సగం మంది నమ్మలేదు. వచ్చాక, ఆఫీసువాళ్ల తరఫున మాట్లాడతారని మిగతా సగం భయపడ్డారు. నేను రెండు సగాల్లోనూ ఉన్నాను.

తాళాల గురించి, పొద్దుగూకడం గురించి వకీళ్లు చెప్పినప్పుడు గుసగుసలాడిన హాలు, మీరు చదువుతుంటే చెవులు అప్పగించింది. చివర ఒక ముసలామె లేచి, "గిట్ల ఎందరి ఇండ్లల్ల నీళ్లు తాగినవయ్యా?" అని అడిగితే, మీరు, "తాగలేదవ్వా. అడిగిన" అన్నారు. ఆ మాటతో మా అభ్యంతర పత్రంలో ఇంకో వరుస చేర్చాం. తాళం పగలగొట్టే అధికారం ఇవ్వకూడదని మొదటిది. నీళ్లిచ్చినంత మాత్రాన లోపలికి పిలిచినట్టు రాసుకోకూడదని రెండోది. నాలుగు వేల మూడు వందల సంతకాలు. తీసుకున్నట్టు ముద్ర వేసి ఇచ్చారు. ముసాయిదా వెనక్కి పోతుందో లేదో తెలియదు. వాళ్లను మేము నమ్మడం లేదు.

మీ అబ్బాయి హాలు బయట బండి మీద కూర్చొని ఉన్నాడని, ఆయన్ని ఎరిగిన మా వాళ్లు చెప్పారు. మీకు తెలుసా? లోపలికి రాలేదు. మీరు బయటికి రాకముందే పోయాడు. ఎందుకు వచ్చాడో నాకు తెలియదు, మంచికో చెడుకో. పోయేటప్పుడు డిక్కీలోంచి సీసా తీసి తాగాడు.

సాయంత్రం మీరు మా ఇంటికి వచ్చారు. పిలవలేదు, తలుపు కొట్టలేదు. గడప బయట అరుగు కింద నిలబడి, బాపు మంచం వైపు చూడకుండా కాగితం మొత్తం గట్టిగా చదివారు. చెరుకురసం దాకా చదివారు. నేను చెంబుతో నీళ్లు తెచ్చి అరుగు మీద పెట్టాను. నా నోటికి ఒక మాట వచ్చింది, మింగేశాను. మీరు కాగితం చెంబు పక్కనే పెట్టారు. నేను మంచం దగ్గరికి పోయాను.

అక్కడి నుంచి మీకు తెలియదు. అది చెప్పడానికే రాస్తున్నాను.

బాపు కళ్లు పైకప్పు మీద ఉన్నాయి. తర్వాత నా వైపు తల తిప్పాడు.

"నీళ్లిచ్చినవా?" అన్నాడు.

"ఇచ్చిన."

"లోపలికి రమ్మన్నవా?"

ఇట్లాంటి మాటే పన్నెండేళ్లప్పుడు ఒకసారి విన్నాను.

"అనాలె గద బిడ్డా," అన్నాడు. "ఎండల పడి వచ్చిన మనిషిని."

నేను లేచి వాకిట్లోకి వచ్చి గట్టిగానే అన్నాను, "రాండ్రి" అని. వీధిలో ఎవరూ లేరు. ఎదురింటి ఆమె తనను పిలిచాననుకొని వచ్చింది. ఇన్నేళ్లకు మొదటిసారి మా ఇంట్లో కూర్చొని, చాయ్ తాగి పోయింది.

చెంబు అరుగు మీద బోర్లించి ఉంది. నీళ్లు కింద పోసిన తడి ఎక్కడా లేదు. ఈసారి మీకు నిజంగానే దూప అయినట్టుంది.

మీరు వదిలిన ఖాళీ ఇంకా నింపలేదు. కొట్టేయనూ లేదు.

వసంత,
తండ్రి గంగారాజం